కమాండ్ లైన్ ప్రోగ్రాముల్లో పాఠ్యాన్ని సురక్షితంగా పేస్టు చేయడం: సమగ్ర మార్గదర్శి

టెర్మినల్‌లో (అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో) నడుస్తున్న ప్రోగ్రాముకు, మీరు ఒక్కొక్క మీటా నొక్కి టైపు చేసిన అక్షరాలకూ, ఒక్క ఊపున పేస్టు చేసిన అక్షరాలకూ మధ్య తనంతట తానుగా తేడా తెలియదు. రెండూ ఒకే దారిలో, ఒకదాని వెంట ఒకటిగా బైట్ల రూపంలో వచ్చి చేరతాయి. అందువల్ల పేస్టు చేసిన పాఠ్యంలో వరుస ముగిసిన ప్రతిచోటా ఎంటర్ నొక్కినట్టే లెక్క; ట్యాబు ఉంటే ట్యాబు మీట నొక్కినట్టే; కంట్రోల్-సీ కి సంబంధించిన బైటు ఎక్కడైనా దాగి ఉంటే, నడుస్తున్న పనిని ఆపమని చెప్పినట్టే. వర్డ్ ప్రాసెసర్‌లో పేస్టు చేయడమంటే కాగితం మీద అతికించడం లాంటిది. టెర్మినల్‌లో పేస్టు చేయడమంటే, మీరు ఒక్క వరుసైనా చదవకముందే మరొకరు మీ కీబోర్డు ముందు కూర్చుని అంతా టైపు చేసి ఎంటర్ కొట్టేయడం.

ఈ వ్యాసంలోని జాగ్రత్తలన్నిటి వెనుకా ఉన్నది ఒకే సూత్రం. పేస్టు చేయబోయే పాఠ్యాన్ని మొదట చదివేది మీరు కావాలి, ప్రోగ్రాము కాకూడదు. అది సాధ్యం కావాలంటే ఎంటర్‌కు ఏ అధికారమూ లేని చోట, అంటే ఒక ఎడిటర్‌లోనో ఫైల్లోనో, ఆ పాఠ్యం కాసేపు ఆగాలి.

ఇక్కడ కమాండ్లన్నిటినీ ఉచ్చారణ ప్రకారం తెలుగు అక్షరాల్లో ఇచ్చాను. కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. దీనివల్ల ఈ మార్గదర్శిలోని కమాండ్లను ఎవరూ కాపీ చేసి నేరుగా పేస్టు చేయలేరు. చెప్పే విషయాన్ని బట్టి చూస్తే అది పెద్ద నష్టమేమీ కాదు.

ప్రమాదం ఏ రూపాల్లో వస్తుంది

కాపీ చేసిన పాఠ్యంలో అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది, ఉండకూడని చోట విరిగిన వరుస. పీడీఎఫ్‌లోనో ఇరుకైన పెట్టెలోనో ఒక పొడవాటి కమాండు చోటు చాలక రెండు వరుసలుగా కనిపిస్తుంది. కాపీ చేసినప్పుడు ఆ విరుపు కూడా నిజమైన వరుస ముగింపుగా వచ్చేస్తుంది. ఉదాహరణకు 'ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్ ~/ప్రాజెక్ట్స్/ఓల్డ్-బిల్డ్' అనే కమాండు 'ప్రాజెక్ట్స్/' దగ్గర విరిగిందనుకుందాం. షెల్‌కు, అంటే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాముకు, మొదట అందేది 'ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్ ~/ప్రాజెక్ట్స్/', ఆ వెంటనే ఎంటర్. ఒక ఉపఫోల్డరును తొలగించాల్సిన కమాండు మొత్తం ఫోల్డరునే తుడిచిపెడుతుంది. ఆ తర్వాత 'ఓల్డ్-బిల్డ్' అనే కమాండు దొరకలేదన్న సందేశం మాత్రం తెర మీద మిగులుతుంది.

దీనికి దగ్గరి చుట్టం, వరుస చివర ఉండే వెనుక గీత, అంటే బ్యాక్‌స్లాష్. కమాండు తర్వాతి వరుసలో కొనసాగుతుందని చెప్పడానికి దాన్ని వాడతారు. అయితే దాని తర్వాత కంటికి కనబడని ఒక్క ఖాళీ ఉన్నా సరే, ఆ గీత వరుస ముగింపును కాక ఆ ఖాళీనే కాపాడుతుంది. కమాండు అక్కడే ముగిసి, మిగిలిన భాగం వేరే కమాండుగా నడుస్తుంది.

మరొక రకం, తెర మీది సంభాషణను ప్రాంప్టులతో (కమాండు కోసం ఎదురుచూస్తూ వరుస మొదట్లో కనిపించే గుర్తులతో) సహా కాపీ చేయడం. వరుస మొదట్లో ఉన్న డాలరు గుర్తు కూడా వచ్చేస్తే షెల్ సాధారణంగా అలాంటి కమాండు లేదని చెప్పి ఊరుకుంటుంది. '>' గుర్తు వచ్చినప్పుడు మాత్రం ఊరుకోదు. షెల్ దృష్టిలో అది ఫలితాన్ని ఫైల్లోకి మళ్లించమనే ఆజ్ఞ. దాని పక్కనున్న పేరుతో ఫైలు లేకపోతే సృష్టిస్తుంది, ఉంటే ఖాళీ చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో వాక్యం కొనసాగుతోందని చూపే ప్రాంప్టు '->' రూపంలో ఉంటుంది గనుక, ఆ వరుసలను పొరపాటున షెల్‌లో పేస్టు చేస్తే ఆ గుర్తు తర్వాతి పదం పేరుతో ఒక ఫైలు పుట్టుకొస్తుంది, లేదా అదే పేరుతో ముందే ఉన్న ఫైలు ఖాళీ అయిపోతుంది. కమాండు విఫలమైనా ఆ నష్టం జరిగే తీరుతుంది, ఎందుకంటే షెల్ ముందుగా ఫైలును తెరిచి, ఆ తర్వాతే కమాండును నడపడానికి చూస్తుంది.

అక్షరాల వేషాలు మూడో రకం. వర్డ్ ప్రాసెసర్లూ చాట్ యాప్‌లూ నిటారు ఉల్లేఖన చిహ్నాలను వంపు చిహ్నాలుగా, రెండు చిన్న గీతలను ఒక పొడవు గీతగా, మామూలు ఖాళీని విరగని ఖాళీగా మార్చేస్తుంటాయి. కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ షెల్‌కు ఉండవు: వంపు చిహ్నం దానికి ఉల్లేఖనే కాదు, విరగని ఖాళీ దానికి ఖాళీనే కాదు. తెలుగులో రాసేవారికి ఇంకొక చిక్కు కూడా ఉంది. 'సాఫ్ట్‌వేర్' వంటి పదాల్లో పొల్లును విడిగా నిలపడానికి వెడల్పు లేని ఒక అక్షరాన్ని చేర్చడం మామూలే. అలాంటి పదం ఫైలు పేరులో ఉంటే, అదే పేరును మరొకరు ఆ అక్షరం లేకుండా టైపు చేసినప్పుడు ఫైలు ఎదురుగానే ఉన్నా దొరకదు.

చివరగా, ఉద్దేశపూర్వకమైన మోసం. వెబ్ పేజీలో మీరు ఎంచుకున్న పాఠ్యం మధ్యలో కంటికి కనబడని పాఠ్యాన్ని దాచవచ్చు. కాపీ చేసిన క్షణంలో జావాస్క్రిప్టు క్లిప్‌బోర్డులోకి పూర్తిగా వేరే పాఠ్యాన్నే పెట్టవచ్చు. కాబట్టి పేజీలో కనబడిన దాన్ని ఎంత శ్రద్ధగా చదివినా అది పరీక్ష కిందికి రాదు. పరీక్షించాల్సింది క్లిప్‌బోర్డును.

మొదటి దశ: మీకు ఉన్న రక్షణ ఏమిటో తెలుసుకోండి

టైపు చేసినదాన్నీ పేస్టు చేసినదాన్నీ వేరుచేసి చూపడానికి ఇప్పుడున్న ప్రధాన ఏర్పాటు పేరు బ్రాకెటెడ్ పేస్ట్. ఇది టెర్మినల్‌కూ ప్రోగ్రాముకూ మధ్య ఒక ఒప్పందం. పేస్టు చేసినప్పుడు తనకు చెప్పమని ప్రోగ్రాము ముందుగా టెర్మినల్‌ను కోరుతుంది; ఆ కోరికకు గుర్తుగా పంపే ఎస్కేప్ సంకేతంలో (తెర మీద కనబడకుండా టెర్మినల్‌కు ఆజ్ఞ ఇచ్చే అక్షరాల వరుసలో) 2004 అనే సంఖ్య ఉంటుంది. ఆ తర్వాత మీరు ఏది పేస్టు చేసినా టెర్మినల్ దాని ముందు ఎస్కేప్ బైటుతో మొదలయ్యే '[200~' అనే గుర్తును, వెనుక అలాగే '[201~' అనే గుర్తును చేర్చి పంపుతుంది. ఈ రెండు గుర్తుల మధ్య వచ్చిన వరుస ముగింపులను ప్రోగ్రాము ఎంటర్‌గా కాక మామూలు అక్షరాలుగా తీసుకుని, మీరు స్వయంగా ఎంటర్ నొక్కేవరకూ ఎదురుచూస్తుంది.

ఒప్పందం కనుక ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇప్పటి టెర్మినళ్లలో చాలా భాగం తమ వంతు చేస్తాయి. తేడా వచ్చేది ఎక్కువగా ప్రోగ్రాము వైపునుంచే. బాష్ షెల్ వరుసలను దిద్దడానికి వాడే రీడ్‌లైన్ లైబ్రరీలో ఈ సౌకర్యం 2016 లో 7.0 వెర్షనుతో వచ్చింది కానీ, దాన్ని మీరే విడిగా ఆన్ చేసుకోవాల్సి ఉండేది. 2020 డిసెంబరులో వచ్చిన బాష్ 5.1, రీడ్‌లైన్ 8.1 నుంచి అది మొదటినుంచే ఆన్‌లో ఉంటోంది. జీ షెల్‌లో 2015 నాటి 5.1 వెర్షను నుంచీ ఉంది. ఫిష్ షెల్‌లోనూ ఉంది. మ్యాక్‌లో మాత్రం ఒక మెలిక ఉంది: అక్కడ వ్యవస్థతో పాటు వచ్చే బాష్ 3.2 చాలా పాతది, దానికి ఈ సంగతే తెలియదు. 2019 లో వచ్చిన కాటలీనా నుంచి మ్యాక్‌లో జీ షెల్ డిఫాల్టు అయింది కాబట్టి చాలామందికి ఇది ఎదురుకాదు. 'బాష్' అని కొట్టి అందులోకి వెళ్లినవారికి మాత్రం రక్షణ చెప్పకుండానే పోతుంది.

వెర్షన్ల లెక్కకన్నా నమ్మదగింది ప్రత్యక్ష పరీక్ష. ఒక ఎడిటర్‌లో 'ఎకో ఒకటి', 'ఎకో రెండు' అని రెండు వరుసలు రాసి, చివరి వరుస ముగింపుతో సహా కాపీ చేసి, షెల్‌లో పేస్టు చేయండి. రెండు వరుసలూ కదలకుండా నిలిచి, మీ ఎంటర్ కోసం ఎదురుచూస్తే రక్షణ ఉన్నట్టు. కొత్త వెర్షన్లలో ఆ భాగం రంగు మారి కూడా కనిపిస్తుంది. ఫలితాలు వెంటనే తెర మీదికి వచ్చేస్తే రక్షణ లేనట్టు. పాత బాష్ 4.4, 5.0 వెర్షన్లలో మీ హోమ్ ఫోల్డరులోని '.ఇన్‌పుట్‌ఆర్‌సీ' ఫైల్లో ఈ వరుసను చేర్చి కొత్త షెల్ తెరిస్తే సరిపోతుంది:

సెట్ ఎనేబుల్-బ్రాకెటెడ్-పేస్ట్ ఆన్

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా మరో యంత్రంలోకి వెళ్లినప్పుడు ఈ పరీక్షను అక్కడ మళ్లీ చేయాలి. టెర్మినల్ మీదే అయినా, ఒప్పందంలో రెండో పక్షం అవతలి యంత్రంలోని షెల్. అది పాతదైతే ఇక్కడి ఏర్పాటు ఎందుకూ కొరగాదు. టీమక్స్ (ఒకే టెర్మినల్‌ను అనేక తెరలుగా వాడుకోనిచ్చే ప్రోగ్రాము) లోపల పనిచేసేవారు, టీమక్స్ సొంత బఫరు (కాపీ చేసినదాన్ని దాచుకునే చోటు) నుంచి పేస్టు చేసేటప్పుడు 'పేస్ట్-బఫర్' కమాండుకు '-పీ' అనే సూచన ఉందో లేదో చూసుకోవాలి. డిఫాల్టు మీటకు అది ఉంటుంది, సొంతంగా మీటలు మార్చుకున్న వారి అమరికల్లో తరచూ జారిపోతుంది.

బ్రాకెటెడ్ పేస్ట్ ఉంటే ఇక దేనికీ భయం లేదనుకోకూడదు. క్లిప్‌బోర్డులోని పాఠ్యంలోనే ఎవరైనా '[201~' ముగింపు సంకేతాన్ని ఎస్కేప్ బైటుతో సహా దాచి ఉంచితే, అక్కడితో పేస్టు ముగిసిందని ప్రోగ్రాము భ్రమపడి, మిగిలినదాన్ని టైపు చేసినట్టుగా అమలు చేయవచ్చు. మంచి టెర్మినళ్లు పేస్టులోని ఇలాంటి నియంత్రణ అక్షరాలను తీసేస్తాయి లేదా మీ అనుమతి అడుగుతాయి. ఎక్స్‌టర్మ్ వాటిలో కొన్నిటిని ఖాళీలుగా మార్చేస్తుంది. విండోస్ టెర్మినల్‌లో ఒకటికన్నా ఎక్కువ వరుసలు పేస్టు చేస్తున్నప్పుడు హెచ్చరించే అమరిక మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది. చిరాకనిపించి దాన్ని ఆపేసేవారు చాలామంది ఉన్నారు. నా అభిప్రాయంలో ఆ చిరాకు భరించదగినదే.

అనుకోని పేస్టు గురించి కూడా ఒక మాట. పుటీ అనే టెర్మినల్ ప్రోగ్రాములో మౌసు కుడి మీట నొక్కితే డిఫాల్టుగా పేస్టు అవుతుంది. లైనక్స్‌లో ఎక్స్11 అనే తెర వ్యవస్థ ఉన్నప్పుడు మధ్య మీట నొక్కితే, మీరు కాపీ చేసిన పాఠ్యం కాదు, చివరిసారి మౌసుతో ఎంచుకున్న పాఠ్యం పేస్టు అవుతుంది. కాబట్టి క్లిప్‌బోర్డును పరీక్షించి మధ్య మీట నొక్కితే, పరీక్షించింది ఒకటీ పేస్టు అయ్యేది మరొకటీ కావచ్చు. కంట్రోల్, షిఫ్ట్, వీ మీటలనే వాడటం మంచి అలవాటు.

రెండవ దశ: క్లిప్‌బోర్డులో నిజంగా ఏముందో చూడండి

క్లిప్‌బోర్డును పేస్టు చేయకుండానే చదవడానికి ప్రతి వ్యవస్థలోనూ ఒక కమాండు ఉంది. లైనక్స్ ఎక్స్11 లో 'ఎక్స్‌క్లిప్ -ఓ -సెలెక్షన్ క్లిప్‌బోర్డ్', కొత్త తెర వ్యవస్థ అయిన వేల్యాండ్‌లో 'డబ్ల్యూఎల్-పేస్ట్', మ్యాక్‌లో 'పీబీపేస్ట్', విండోస్ పవర్‌షెల్‌లో 'గెట్-క్లిప్‌బోర్డ్'. వీటి ఫలితాన్ని నేరుగా తెర మీద చూస్తే, దాగిన నియంత్రణ అక్షరాలు తెర మీదనే తమ పని చేసుకుపోతాయి. అందుకని దాన్ని '|' అనే నిలువు గీతతో మరో కమాండులోకి పంపాలి. లైనక్స్‌లో 'క్యాట్ -ఏ', ఇందులో ఏ పెద్ద అక్షరం; మ్యాక్‌లో 'ఓడీ -సీ', ఇందులో సీ చిన్న అక్షరం.

'క్యాట్ -ఏ' ఫలితాన్ని చదవడం కొద్ది అలవాటుతో వచ్చేస్తుంది. ప్రతి వరుస చివరా డాలరు గుర్తు ఉంటుంది. దాని ముందు ఖాళీ కనిపిస్తే పైన చెప్పిన బ్యాక్‌స్లాష్ చిక్కు పొంచి ఉన్నట్టే. ట్యాబు ఉన్నచోట '^ఐ', విండోస్ తరహా వరుస ముగింపు ఉన్నచోట డాలరుకు ముందు '^ఎమ్', ఎస్కేప్ బైటు ఉన్నచోట '^[' కనిపిస్తాయి. వంపు చిహ్నాలూ, విరగని ఖాళీలూ, తెలుగు అక్షరాలూ 'ఎమ్-' తో మొదలయ్యే ముద్దలుగా మారతాయి. ఉత్త ఇంగ్లీషు కమాండు అనుకున్నదాని మధ్యలో అలాంటి ముద్ద ఒక్కటి కనిపించినా అది వేషం వేసుకొచ్చిన అక్షరమే, ఎక్కడైనా '^[' కనిపిస్తే మాత్రం పేస్టు చేయకండి, ఆ పాఠ్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆ చోటును ఇక నమ్మకండి.

ముందుగా '#' గుర్తు టైపు చేసి, దాని పక్కన పేస్టు చేస్తే అంతా వ్యాఖ్యగా (షెల్ పట్టించుకోని పాఠ్యంగా) మారి ప్రమాదం తప్పుతుందని చాలామంది నమ్ముతారు. బాష్‌లో ఆ గుర్తు మొదటి వరుసను మాత్రమే కాపాడుతుంది; రెండో వరుస యథావిధిగా అమలవుతుంది. జీ షెల్‌లో అయితే డిఫాల్టుగా మొదటి వరుసకూ రక్షణ ఉండదు, ఎందుకంటే ప్రాంప్టు దగ్గర అది '#' ను వ్యాఖ్యగా గుర్తించదు. ఇంగ్లీషు వ్యాఖ్యలో ఒక అపాస్ట్రఫీ ఉందంటే జీ షెల్ దాన్ని ఉల్లేఖన మొదలుగా తీసుకుని, ఆ తర్వాతి వరుసలన్నిటినీ అందులోకి మింగేస్తుంది. 'సెట్‌ఆప్ట్ ఇంటరాక్టివ్_కామెంట్స్' అని జీ షెల్ అమరికల ఫైల్లో రాసుకుంటే ఈ బాధ పోతుంది.

మూడవ దశ: పాఠ్యాన్ని ఎడిటర్ గుండా పంపండి

ఒక్క వరుసకు మించిన ఏ పాఠ్యాన్నైనా ఫైల్లో పెట్టి, చదివి, అక్కడినుంచి నడపడమే నేను మొదట సూచించే మార్గం. క్లిప్‌బోర్డు కమాండు ఫలితాన్ని నేరుగా ఒక ఫైల్లోకి మళ్లిస్తే పేస్టు చేయాల్సిన అవసరమే ఉండదు. ఆ ఫైలును ఎడిటర్‌లో తెరిచి చదవండి, విరిగిన వరుసలను కలపండి, ప్రాంప్టు గుర్తులను తీసేయండి. తర్వాత 'బాష్ -ఎన్' అని కొట్టి ఆ ఫైలు పేరు ఇస్తే, షెల్ దేన్నీ అమలు చేయకుండా వాక్యనిర్మాణం సరిగ్గా ఉందో లేదో మాత్రం చూస్తుంది. విరిగిన 'ఆర్‌ఎమ్' వంటి తప్పులను అది పట్టుకోలేదు, వాక్యనిర్మాణం ప్రకారం అవి తప్పులే కావు గనుక. మూతపడని ఉల్లేఖనలనూ సగంలో తెగిన లూపులనూ మాత్రం పట్టుకుంటుంది.

ఫైలు తయారుచేయడం మరీ ఎక్కువ పనిగా అనిపించే చిన్న కమాండ్లకు షెల్ లోపలే ఒక దారి ఉంది. బాష్‌లో కంట్రోల్-ఎక్స్, ఆ వెంటనే కంట్రోల్-ఈ నొక్కితే ప్రస్తుత వరుస మీ ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. అక్కడ పేస్టు చేసి తీరిగ్గా దిద్దుకోవచ్చు. ఒక హెచ్చరిక: బాష్‌లో ఎడిటర్ మూసిన క్షణమే ఆ కమాండు అమలవుతుంది, మళ్లీ ప్రాంప్టు దగ్గర ఆగదు. వద్దనుకుంటే పాఠ్యమంతా తుడిచి భద్రపరచి బయటకు రావాలి. విమ్ అనే ఎడిటర్ వాడేవారు ':సీక్యూ' తో బయటకు వస్తే అది విఫలమైనట్టు లెక్కకొచ్చి కమాండు నడవదు. ఫిష్‌లో ఆల్ట్-ఈ నొక్కితే ఇదే పని జరుగుతుంది, అయితే దిద్దిన పాఠ్యం ప్రాంప్టు దగ్గరికి తిరిగొచ్చి మీ ఎంటర్ కోసం ఆగుతుంది. ఈ పద్ధతే మెరుగైనదని నేననుకుంటాను.

ఫైలు ద్వారా వెళ్లడంలో మరో లాభం కూడా ఉంది. బ్రాకెటెడ్ పేస్ట్ లేని షెల్‌లో పది వరుసలు నేరుగా పేస్టు చేసినప్పుడు, మూడో వరుసలోని కమాండు మధ్యలో ఏదైనా ప్రశ్న అడిగితే, నాలుగో వరుస దానికి జవాబైపోతుంది. ప్యాకేజీ స్థాపన 'కొనసాగించాలా' అని అడిగినప్పుడు ఆ జవాబు మీది కాదు, క్లిప్‌బోర్డుది. పాస్‌వర్డు అడిగే ప్రోగ్రాముల్లో కొన్ని అప్పటికే వచ్చి ఉన్న అక్షరాలను పారేసి మొదలుపెడతాయి, కాబట్టి మధ్య వరుసలు కొన్ని ఎక్కడికి పోయాయో తెలియకుండా పోతాయి. మరికొన్ని తర్వాతి వరుసనే పాస్‌వర్డుగా తీసుకుంటాయి.

ట్యాబులదీ ఇలాంటి కథే; షెల్‌లో ట్యాబు అంటే పదాన్ని పూరించమని అడగడం. రక్షణ లేని బాష్‌లో వరుస మొదట రెండు ట్యాబులుంటే, షెల్ అన్ని కమాండ్ల జాబితా చూపించమంటారా అని అడుగుతుంది. ఆ తర్వాతి అక్షరాల్లో 'వై' గానీ 'ఎన్' గానీ ఖాళీ గానీ తగిలేవరకూ మిగిలినవి మాయమవుతాయి. ఇండెంటు చేసిన (వరుసల మొదట ఖాళీ వదిలిన) స్క్రిప్టులు పేస్టులో చిందరవందర కావడానికి తరచూ ఇదే కారణం.

ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో తీరు

పైథాన్ ఇంటరాక్టివ్ ప్రాంప్టులో, 3.13 కు ముందు వెర్షన్లలో, ఖాళీ వరుస వస్తే ఇండెంటు చేసిన భాగం ముగిసినట్టే. ఫంక్షన్ మధ్యలో అందం కోసం వదిలిన ఒక ఖాళీ వరుస చాలు, పైసగం ఫంక్షన్‌గా స్థిరపడి, కిందిసగం ఇండెంటు దోషాలుగా తెర నిండా పరుచుకుంటుంది. 2024 లో వచ్చిన 3.13 లో ఈ ప్రాంప్టును కొత్తగా రాశారు. అది అనేక వరుసల పేస్టును ఒకే ముద్దగా తీసుకుంటుంది, ఎఫ్3 మీటతో ప్రత్యేక పేస్టు స్థితి కూడా ఉంది. పైథాన్‌కే మరో ప్రాంప్టు అయిన ఐపైథాన్‌లో '%పేస్ట్' క్లిప్‌బోర్డును చదివి వెంటనే అమలు చేసేస్తుంది. '%సీపేస్ట్' అయితే మీరు పేస్టు చేసి, విడి వరుసలో రెండు చిన్న గీతలు కొట్టేదాకా ఆగుతుంది. దూరపు యంత్రంలో ఐపైథాన్ నడుస్తుంటే మీ క్లిప్‌బోర్డు దానికి అందదు గనుక రెండోదే గతి.

డేటాబేసు ప్రాంప్టుల దగ్గర నష్టం తిరిగిరానిది కావచ్చు కాబట్టి కాస్త ఆగి చెప్పుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసు ప్రాంప్టు అయిన పీఎస్‌క్యూఎల్‌లో అయిదు వాక్యాలు పేస్టు చేస్తే, మూడోది విఫలమైనా నాలుగూ అయిదూ అమలవుతాయి. ముందుగా 'బిగిన్;' అని స్వయంగా టైపు చేసి, ఆ తర్వాత పేస్టు చేయండి: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ట్రాన్సాక్షన్ (మొత్తంగా ఖాయమయ్యే లేదా మొత్తంగా రద్దయ్యే వాక్యాల గుంపు) లోపల ఒక దోషం వచ్చిందంటే ఆ తర్వాతి వాక్యాలన్నిటినీ అది తిరస్కరిస్తుంది. టేబుల్‌లో ఎన్ని వరుసలు మారాయో చూసి, మీరు ఊహించిన సంఖ్యతో సరిపోతేనే 'కమిట్;' కొట్టి ఖాయం చేయండి, లేకపోతే 'రోల్‌బ్యాక్;' తో రద్దు చేయండి. పేస్టు చేసిన పాఠ్యంలోనే ఎక్కడో 'కమిట్' ఉంటే ఈ ఏర్పాటంతా వృథా, కాబట్టి ముందు ఆ పదం కోసం వెతకండి. ఇంకా మంచి దారి '\ఈ' కొట్టి ఎడిటర్ తెరవడం. అక్కడ పేస్టు చేసి, చివరి సెమికోలన్ తీసేసి బయటకు వస్తే ఒంటరి వాక్యం నడవకుండా ఆగుతుంది. '\పీ' తో దాన్ని చూసి, '\జీ' తో నడపవచ్చు, '\ఆర్' తో పారేయవచ్చు.

మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ సృష్టించడం, తొలగించడం వంటి వాక్యాలు ట్రాన్సాక్షన్‌ను తమంతట తామే కమిట్ చేసేస్తాయి, కాబట్టి పై పద్ధతి వాటిని కాపాడదు. అక్కడ '--సేఫ్-అప్‌డేట్స్' సూచనతో మొదలుపెడితే, కీ ఆధారంగా షరతు గానీ పరిమితి గానీ లేని 'అప్‌డేట్', 'డిలీట్' వాక్యాలను అది నిరాకరిస్తుంది. 'వేర్' షరతు రెండో వరుసలోకి జారిపోయి, మొదటి వరుస చివర పొరపాటున సెమికోలన్ పడినప్పుడు దీని విలువ తెలిసొస్తుంది. మరొక విషయం: పీఎస్‌క్యూఎల్‌లోనూ మైఎస్‌క్యూఎల్‌లోనూ '\!' అనే సంకేతం తర్వాత వచ్చేది షెల్ కమాండుగా నడుస్తుంది, ఎస్‌క్యూలైట్‌లో '.షెల్' అదే పని చేస్తుంది. డేటాబేసు వాక్యాలే కదా అని పేస్టు చేసిన పాఠ్యం మీ యంత్రం మీదే కమాండ్లు నడపగలదన్నమాట.

ప్రోగ్రామును అడుగడుగునా నడిపి తప్పులు వెతికే డీబగ్గర్లయిన జీడీబీలోనూ పైథాన్ డీబగ్గర్‌లోనూ ఖాళీ వరుసకు ఎవరూ ఊహించని అర్థం ఉంది: చివరి కమాండును మళ్లీ నడపమని. ఆ కమాండు ఒక అడుగు వేయమనేదైతే, పేస్టులో మూడు ఖాళీ వరుసలుంటే మీ డీబగ్గర్ మూడు అడుగులు అదనంగా ముందుకు వెళ్లిపోతుంది.

విమ్‌లో సాధారణ స్థితిలో ఉండి టెర్మినల్ పేస్టు చేస్తే, పాత వెర్షన్లలో ప్రతి అక్షరమూ ఒక కమాండే. పాఠ్యం రాసే ఇన్సర్ట్ స్థితిలో ఉన్నా, తనంతట తాను ఇండెంటు చేసే అమరిక వల్ల పాఠ్యం మెట్లు మెట్లుగా కుడివైపుకు జారిపోతుంది. పేస్టుకు ముందు ':సెట్ పేస్ట్', తర్వాత ':సెట్ నోపేస్ట్' అనేవి పాత మందు. క్లిప్‌బోర్డు సౌకర్యంతో తయారైన విమ్ మీ యంత్రం మీదే ఉంటే '+' రిజిస్టరు (విమ్‌లో క్లిప్‌బోర్డుకు పేరు) నుంచి నేరుగా తెచ్చుకోవడం అంతకన్నా శుభ్రం.

ఎస్‌ఎస్‌హెచ్ లోపల ఉన్నప్పుడు వరుస మొదట్లో వచ్చే '~' గుర్తును ఎస్‌ఎస్‌హెచ్ తనకోసం అట్టిపెట్టుకుంటుంది. ఎంటర్ తర్వాత వెంటనే '~.' వస్తే లంకె తెగిపోతుంది; '~~' వస్తే ఒక్క గుర్తే అవతలికి చేరుతుంది. పేస్టులో అలాంటి వరుసలుంటే '-ఈ నన్' సూచనతో లంకె కలిపి ఈ ప్రవర్తనను ఆపేయండి.

వరుసలను దిద్దే సౌకర్యమేదీ లేని సాదా ప్రోగ్రాముల్లో, అంటే 'క్యాట్' వంటివాటిలో, ఒక్కో వరుస పొడవుకూ హద్దు ఉంది. లైనక్స్‌లో వరుస ముగింపుతో కలిపి 4096 బైట్లు. ఆ పైన ఉన్నది ఏ సందేశమూ లేకుండా పోతుంది. పొడవాటి కీలనో ఒకే వరుసలో ఉన్న జేసన్ అనే డేటా రూపంలోని పాఠ్యాన్నో ఇలా ఫైల్లోకి ఎక్కించినవారు, ఫైలు పరిమాణాన్ని మూలంతో పోల్చి చూడకపోతే తెగిన సంగతి ఎప్పటికో గానీ తెలియదు.

పాస్‌వర్డులూ రహస్య కీలూ

రహస్యాన్ని కమాండులో భాగంగా పేస్టు చేస్తే అది షెల్ చరిత్రలో నిలిచిపోతుంది, కమాండు నడుస్తున్నంతసేపూ అదే యంత్రంలోని ఇతరులకు ప్రక్రియల జాబితాలో కనబడే అవకాశమూ ఉంటుంది. బాష్‌లో 'రీడ్ -ఎస్' తో ఒక చరరాశిలోకి తీసుకోవడం మేలు. పేస్టు చేసింది తెర మీదా కనబడదు, చరిత్రలోనూ చేరదు. పాస్‌వర్డు ప్రాంప్టు దగ్గర పేస్టు చేసేటప్పుడు, అది నిజంగా వచ్చిందో లేదో చూసి చేయండి. లంకె ఆలస్యమై ప్రాంప్టు రాకముందే పేస్టు చేస్తే పాస్‌వర్డు షెల్‌లో కమాండుగా పడి, చరిత్రలో అక్షరాలా నమోదవుతుంది. అలా జరిగితే చరిత్రనుంచి తొలగించడంతో సరిపెట్టుకోక, పాస్‌వర్డునే మార్చండి. పని అయ్యాక క్లిప్‌బోర్డులోకి ఏదో ఒక మామూలు పదాన్ని కాపీ చేయడం కూడా మరవకండి; తర్వాతి పొరపాటు పేస్టులో బయటపడేది అదే.

సీరియల్ కన్సోళ్లూ రౌటర్లూ

సీరియల్ కన్సోల్ అంటే రౌటరు వంటి పరికరానికి తీగతో నేరుగా కలిపిన టెర్మినల్. ఇక్కడ సమస్య వేగానిది. 9600 బాడ్ వేగపు సీరియల్ తీగ మీద సెకనుకు సుమారు 960 అక్షరాలు వెళతాయి. అవతలి పరికరం ఒక్కో వరుసనూ అర్థం చేసుకుని అమలు చేసేలోపు తర్వాతి వరుసలు వచ్చి పడి, ప్రవాహ నియంత్రణ (కాసేపు ఆగమని పరికరం చెప్పే ఏర్పాటు) లేకపోతే మధ్యలో అక్షరాలు రాలిపోతాయి. చిరునామాలో ఒక్క అంకె రాలిపోయినా వరుస చూడటానికి సరిగ్గానే ఉంటుంది, పరికరం ఒప్పేసుకుంటుంది కూడా. టెరా టర్మ్, మినీకామ్ వంటి టెర్మినల్ ప్రోగ్రాముల్లో ప్రతి అక్షరానికీ, ప్రతి వరుసకూ మధ్య మిల్లీసెకన్ల విరామం పెట్టే అమరిక ఉంది. మ్యాక్‌లో ఐటర్మ్2 లో నెమ్మదిగా పేస్టు చేసే అంశం ఎడిట్ మెనూలో ఉంటుంది. వరుసల మధ్య విరామాన్ని పెంచడమే ఎక్కువ ఫలితమిస్తుంది.

సిస్కో రౌటర్లను నడిపే ఐఓఎస్‌లో కాన్ఫిగరేషన్ వరుసలు వచ్చినవి వచ్చినట్టే అమల్లోకి వస్తాయి. మీరు ఏ ఇంటర్‌ఫేసు ద్వారా లోపలికి వచ్చారో దాని చిరునామానే మార్చే వరుస పేస్టు మధ్యలో ఉంటే, మిగిలిన సగం ఎప్పటికీ చేరదు. అందుకని దూరంనుంచి పేస్టు చేసేముందు 'రీలోడ్ ఇన్ 10' అని కొట్టండి. లంకె తెగిపోతే పది నిమిషాల్లో పరికరం తిరిగి మొదలై, భద్రపరచిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే 'రీలోడ్ క్యాన్సిల్', ఆ తర్వాతే భద్రపరచడం. జూనిపర్ పరికరాల పద్ధతి దీనికన్నా హాయైనది: 'లోడ్ మెర్జ్ టెర్మినల్' తో పేస్టు చేసి కంట్రోల్-డీ తో ముగిస్తే అది ముసాయిదాలోకే వెళుతుంది, 'షో | కంపేర్' తో తేడాలు చదివి, 'కమిట్ కన్ఫర్మ్‌డ్' ఇస్తే, మీరు పది నిమిషాల్లోగా మళ్లీ ధ్రువపరచకపోతే పాత స్థితి తనంతట తానే తిరిగొస్తుంది.

పేస్టు మధ్యలో తేడా కనిపిస్తే

ఎంటర్ కోసం ఆగి ఉన్న పాఠ్యమైతే కంట్రోల్-సీ చాలు, అంతా రద్దవుతుంది. వరుసలు ఇప్పటికే పరుగెడుతుంటే ఒక్కసారి నొక్కడం చాలకపోవచ్చు. అది నడుస్తున్న కమాండునూ అప్పటికి క్యూలో చేరిన అక్షరాలనూ ఆపుతుంది కానీ, టెర్మినల్ దగ్గర ఇంకా పంపాల్సిన పాఠ్యం మిగిలి ఉండవచ్చు. ప్రాంప్టు నిలకడగా కనబడేవరకూ నొక్కుతూనే ఉండండి. ఉల్లేఖన మూతపడక '>' ప్రాంప్టు దగ్గర చిక్కుకుంటే, ఊహ మీద మరో ఉల్లేఖన చిహ్నం కొట్టి మూయాలని చూడకండి: మూసిన క్షణం, అప్పటిదాకా పోగైనదంతా ఒక కమాండుగా నడుస్తుంది. అక్కడా కంట్రోల్-సీ నే.

ఆ తర్వాత ఏదీ మళ్లీ పేస్టు చేయకుండా, 'హిస్టరీ' కమాండుతో నిజంగా ఏయే వరుసలు అమలయ్యాయో చూడండి. ఉన్న ఫోల్డరులో ఫైళ్లను మారిన సమయం ప్రకారం వరుసపెట్టి, కొత్తగా పుట్టినవీ ఖాళీ అయినవీ ఏమైనా ఉన్నాయేమో గమనించండి. ఏదైనా ప్రోగ్రాము అర్ధంతరంగా పడిపోయాక పేస్టు చేసిన ప్రతిదాని ముందు '200~', వెనుక '201~' అని చెత్త కనిపిస్తుంటే కంగారు పడనక్కర్లేదు. బ్రాకెటెడ్ పేస్ట్ కోరిన ప్రోగ్రాము దాన్ని వెనక్కి తీసుకోకుండా పోయిందని అర్థం. 'రీసెట్' కొట్టి చూడండి, అయినా పోకపోతే కొత్త టెర్మినల్ తెరవండి.